ఒకటే బందూఖ్, మూడు నజర్లు

మా ఇంట్లో ఉన్నది ఒకటే బందూఖ్. పట్టుకునేది ముగ్గురం. అబ్బా, నేను, మా బేటీ. 71 ఏళ్ళ కన్ను ఒకటి, 46 ఏళ్ళ కన్ను ఒకటి, 14 ఏళ్ళ కన్ను ఒకటి. ఒకరి కంటికి కుదిరిన సైటు ఇంకొకరికి కుదరదు. అందుకే అల్మారా పై అరలో పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. అందులో నా పాత దుపట్టా ముక్కల్లో చుట్టిపెట్టిన సైట్లు, రెండు మూడు అలెన్ కీలు, చిన్న స్క్రూడ్రైవరు, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఉంటాయి. మా నానీ అత్తరు సీసాలు అంత జాగ్రత్తగా దాచుకునేది.

నిజానికి అది పెద్ద తుపాకీ ఏమీ కాదు. ఎయిర్ రైఫిల్. గొట్టాన్ని మధ్యలో విరిచి కిందికి వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. లబ్‌లబీ నొక్కితే స్ప్రింగు వదులుకొని పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి అర గ్రాము సీసపు ఛర్రాని తోస్తుంది. 4.5 మిల్లీమీటర్ల గొట్టం. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం శక్తి 20 జౌళ్ళు దాటకుండా, గొట్టం 4.5 మిల్లీమీటర్లు మించకుండా ఉంటే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. మా అమ్మీకైతే మరీ. బందూఖ్ కొన్న రసీదుని లామినేషన్ చేయించి, ఇంటి కాగజాత్‌తో పాటు దాచింది ఆమే.

కొన్నది 2012లో. అబ్బా కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి, 58 ఏళ్ళకి రిటైరైన సాలు. ఆ జూలై 30న లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం గెలిచాడు. టీవీ ముందు కూర్చున్న అబ్బా చాయ్ కప్పు చేతిలో అలాగే పట్టుకొని ఉండిపోయాడు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చిన మనిషి. నలభై ఏళ్ళు స్తంభాలెక్కి సంసారం ఈదాడు, షౌఖ్ అని ఒక్క రూపాయి తన కోసం ఖర్చుపెట్టుకోలేదు. రిటైర్మెంటు డబ్బులో అక్క షాదీ అప్పు తీర్చి, ఇంటి స్లాబు వేయించి, మిగిలినదాంట్లో ఇది కొనుక్కున్నాడు. దేశంలో తయారైనదే. మామూలు చెక్క బట్. గొట్టం మీద 11 మిల్లీమీటర్ల గాడి, సైట్లు బిగించుకోవడానికి.

మా పెరట్లో సరిగ్గా 10 మీటర్ల జాగా ఉంది. చివర్లో ఇసుక బస్తాలు, వాటి వెనక మందపు చెక్క, దాని వెనక గోడ. పిట్టల్ని, ఉడతల్ని, ఏ జాన్‌వర్‌నీ కొట్టకూడదని అబ్బా మొదటి రోజే కసమ్ తీసుకున్నాడు. కాగితం నిషానా, పాలడబ్బా మూత, సోడా మూత. అంతే. అసర్ తర్వాత గంట సేపు.

మక్ఖీ, దీద్‌బాన్

రైఫిల్‌తో పాటు వచ్చిన సైటు అందరికీ తెలిసిందే. వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న కొమ్ము. అబ్బాకి ఎన్‌సీసీలో నేర్పిన ఉస్తాద్ ముందుదాన్ని మక్ఖీ అనేవాడట, వెనకదాన్ని దీద్‌బాన్. మక్ఖీ అంటే ఈగ. గొట్టం చివర ఈగ వాలినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఉర్దూలో ఎంత అందంగా పెట్టారో చూడండి. దీద్‌బాన్ అంటే కాపలా కాసే చూపు.

గాడి మధ్యలో మక్ఖీ నిలబడాలి. అటూ ఇటూ వెలుగు సమానంగా ఉండాలి. పైన రెండూ ఒకే మట్టానికి రావాలి. దాని మీద నిషానా కూర్చోవాలి. వినడానికి తేలికే. చిక్కంతా కంటిలో ఉంది. గాడి కంటికి రెండు జానల దూరంలో, మక్ఖీ ఒక మీటరు దూరంలో, నిషానా పది మీటర్ల దూరంలో. ఏ ఇన్సాన్ కన్ను అయినా ఒక్కసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూస్తుంది. అబ్బా చెప్పిన ఉసూల్ ఏంటంటే, “మక్ఖీని చూడు బేటీ. నిషానా మసకగా ఉంటే పర్వాలేదు. అది ఎక్కడికీ పారిపోదు. కదిలేది నీ చేతిలో ఉన్నదే.”

ఆ ఉసూల్‌తో నేను ఎనిమిది తొమ్మిదేళ్ళు బాగానే కాల్చాను. నలభై మూడో ఏడు దాటాక మక్ఖీ చుట్టూ పొగ కమ్మడం మొదలైంది. నేను ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కంటి కటకం గట్టిపడి, దగ్గరి వస్తువుల మీద ఫోకస్ చేయలేకపోవడం గురించి ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ గీస్తాను. ఇప్పుడు ఆ బొమ్మ నా కంట్లోకి వచ్చింది. చదవడానికి ఐనక్ పెట్టుకుంటే గాడి స్పష్టంగా కనిపిస్తుంది కానీ నిషానా మాయం. తీసేస్తే నిషానా కనిపిస్తుంది కానీ మక్ఖీ కరిగిపోతుంది.

చిన్న సూరాఖ్‌లో ఎంత ఇల్మ్

దీనికి ఇలాజ్ వెయ్యేళ్ళ కిందటి ఇల్మ్‌లో ఉంది. బస్రాలో 965 ప్రాంతంలో పుట్టిన ఇబ్న్ అల్ హైసమ్ కైరోలో ఉండి ‘కితాబుల్ మనాజిర్’ అని చూపు మీద ఏడు భాగాల గ్రంథం రాశాడు. కంట్లోంచి కిరణాలు బయటికి పోయి వస్తువుల్ని తాకుతాయని పాతకాలపు యూనానీ పండితుల్లో చాలామంది నమ్మేవాళ్ళు. కాదు, వస్తువు నుంచే రౌష్నీ కంటికి వస్తుందని ఆయన తజుర్బాలతో వాదించాడు. వాటిల్లో నాకు ఇష్టమైంది దీపాలది. చీకటి గది బయట వరసగా దీపాలు పెట్టాడు. మధ్యలో ఒక చిన్న సూరాఖ్. ఎన్ని దీపాలో లోపలి గోడ మీద అన్ని వెలుగు మచ్చలు. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే ఆరిపోతుంది. అంత ఇరుకు సందులోంచి అన్ని దీపాల వెలుగూ కలగాపులగం కాకుండా దేని దారిన అది పోయిందన్నమాట. మా క్లాసులో ఈ తజుర్బా చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా తప్పకుండా చెబుతాను. వెనక బెంచీలో కూర్చున్న మన పిల్లలు ఆ పేరు విని కాస్త నిటారుగా కూర్చుంటారు.

మీరూ ఇంట్లో చేసి చూడండి. విజిటింగ్ కార్డుకి సూదితో చిన్న రంధ్రం పెట్టండి. చదవడానికి ఐనక్ వాడేవాళ్ళు అది తీసేసి, మంచి వెలుతురులో కార్డుని కంటికి ఆనించి మందుల సీసా మీది సన్నక్షరాలు చూడండి. చదవగలుగుతారు. సూరాఖ్ చిన్నదైతే కంట్లోకి వచ్చే కిరణాల కట్ట సన్నబడుతుంది, మసక తగ్గుతుంది. అదే సూరాఖ్‌ని వెనక సైటులో పెడితే పీప్ సైటు. అంతే.

నా కోసం డబ్బాలోకి చేరిన సైటు అది. వెనక దాదాపు ఒక మిల్లీమీటరు రంధ్రం. చుట్టూ ఉన్న రింగు తిప్పితే రంధ్రం పెద్దదీ చిన్నదీ అవుతుంది. ముందు కొమ్ము తీసేసి ఒక చిన్న గొట్టం లాంటిది పెట్టాలి, అందులో ఉంగరం లాంటి వలయం. ఆ గొట్టం మా రైఫిల్‌కి సరిపోయేది దొరకలేదు. మా ఊళ్ళో లేత్ మిషన్ ఉస్తాద్ ఒకాయన కొలతలు తీసుకొని అల్యూమినియంతో రెండు రోజుల్లో చేసిచ్చాడు. మోటారు షాఫ్టులు చేసే చేతులు. డబ్బులు ఇవ్వబోతే, “ముందు మీరు కాల్చి చూడండి ఆపా, కుదిరితేనే ఇవ్వండి” అన్నాడు.

పీప్ సైటులో హాయి ఏంటంటే, రంధ్రం మధ్యలోకి కన్ను తనంతట తానే వెళ్ళి కూర్చుంటుంది. గాడిని చూడాల్సిన పని లేదు. చూసేది రెండే. వలయం, దానిలోపల నల్లటి నిషానా. చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు నలుపు చుట్టూ సన్నటి తెల్లటి అంచు. ఆ అంచు నాలుగు వైపులా సమానంగా ఉందా లేదా అన్నది ఒక్కటే చూసుకోవాలి. వలయం మరీ బిగుతైతే తెల్ల అంచు మిణుకుమిణుకుమంటుంది, కన్ను త్వరగా అలిసిపోతుంది. మరీ వదులైతే మధ్య ఎక్కడో తెలీదు. మూడు నాలుగు సైజుల వలయాలు మార్చి చూసి, నాకు కుదిరేది పట్టుకున్నాను. మగ్రిబ్ దగ్గర పడుతూ వెలుతురు తగ్గుతుంటే వెనక రంధ్రం కాస్త పెద్దది చేసుకోవాలి. స్పష్టత కొంచెం ఇచ్చి రౌష్నీ కొంచెం తెచ్చుకోవడం. ఆ బేరం రోజూ ఉంటుంది.

అబ్బా దూర్‌బీన్

అబ్బాకి ఇరవై ఏళ్ళ నుంచి షుగర్. మూడేళ్ళ కిందట ఒక పొద్దున వీధిలోకి చూస్తూ, “ఆ స్తంభం ఎవరు వంచారు?” అని అడిగాడు. స్తంభం నిట్టనిలువుగా ఉంది. నలభై ఏళ్ళు స్తంభాలు నాటిన మనిషికి స్తంభం వంగి కనిపిస్తే ఇంట్లో అందరికీ దిల్ జారిపోయింది. ఎడమ కన్ను మూసి చూస్తే వంకర, కుడి కన్ను మూసి చూస్తే తిన్నగా. డాక్టరు చూసి, షుగర్ వల్ల కుడి కంటి తెర మధ్య భాగంలో నీరు చేరిందన్నారు. కంట్లో ఇంజక్షన్లు వేశారు. ఉన్నది నిలబడింది కానీ పోయింది పూర్తిగా తిరిగి రాలేదు. ఎడమ కంటికి మోతియాబింద్ ఉంటే ఆపరేషన్ చేసి కొత్త కటకం వేశారు. అది బాగుంది.

ఒక్క మాట మధ్యలో. ఈ రకం నష్టం మొదట్లో నొప్పి పెట్టదు, చూపు తగ్గినట్టు కూడా తెలీదు. షుగర్ ఉన్నవాళ్ళు ఐనక్ నంబరు కోసం కాదు, కంటి తెర చూపించుకోవడానికి ఏడాదికోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మన ఇళ్ళల్లో షీర్‌ఖుర్మా, డబల్ కా మీఠా మానేయడానికి గొడవలు పడతాం కానీ కంటి పరీక్ష సంగతి ఎవరికీ యాద్ ఉండదు.

అబ్బా బందూఖ్‌ని గోడకి ఆనించి పెట్టేశాడు. ఆర్నెల్లు ముట్టుకోలేదు. కుడిచేతి వాటం, కుడి భుజం, కుడి కన్ను. ఆ కంట్లో ఇప్పుడు నిషానా మధ్యలో మబ్బు. ఎవరూ ఏమీ అనలేదు. అసర్ తర్వాత పెరట్లో కుర్చీ వేసుకొని కూర్చొని, మా బేటీ కాలుస్తుంటే శబ్దాన్ని బట్టి, “ఇది కిందికి పోయింది” అనేవాడు. ఎక్కువసార్లు నిజమే అయ్యేది.

ఎడమ భుజానికి మారడమే దారి. మా రైఫిల్ మామూలు రకం కాబట్టి అటూ ఇటూ ఒకటే. కానీ ఎడమ కంట్లో వేసింది దూరపు చూపుకి సరిపెట్టిన కటకం. దగ్గరివి మసక. గాడి, మక్ఖీ రెండూ కనిపించవు. పీప్ పెట్టి చూశాం. రంధ్రం వల్ల వెలుతురు తగ్గి ఆయన కంటికి ఇబ్బంది అయింది. మిగిలింది స్కోప్. మేం దూర్‌బీన్ అంటాం. అందులో గీతలు, నిషానా రెండూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి. కన్ను ముందుకీ వెనక్కీ పరుగెత్తక్కర్లేదు. దూరం బాగా చూసే కంటికి అంతకంటే ఇంకేం కావాలి.

స్కోప్ కొనేముందు తెలుసుకోవాల్సినవి మూడున్నాయి. స్ప్రింగు రైఫిల్ ఉన్నవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది దెబ్బ. తూటా తుపాకీ వెనక్కి మాత్రమే తంతుంది. స్ప్రింగు రైఫిల్ రెండు వైపులా తంతుంది. పిస్టన్ ముందుకి దూకినప్పుడు రైఫిల్ వెనక్కి, పిస్టన్ చివర ఆగినప్పుడు రైఫిల్ ముందుకి. పెద్ద తుపాకులకి చేసిన ఖరీదైన స్కోప్ కూడా ఈ రెండో కుదుపుకి లోపల గీతలు తెగి పాడవచ్చు. స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కి తట్టుకునేదని ఖచ్చితంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. బిగించే మౌంటు కూడా విడివిడి రింగులు కాకుండా ఒకే ముక్కగా ఉన్నది మేలు. లేకపోతే వంద ఛర్రాలు కాల్చేసరికి స్కోప్ మెల్లగా వెనక్కి జరిగిపోతుంది.

రెండోది దూరం. మామూలు స్కోప్‌లు వంద గజాలకి సరిచేసి ఉంటాయి. పది మీటర్లలో నిషానా మసకగా ఉంటుంది. పైగా తల కాస్త జరిపితే గీతలు నిషానా మీద ఈదుతాయి. అందుకే ముందు అద్దం తిప్పి పది గజాల దాకా ఫోకస్ చేసుకునే రకం కావాలి. మాది మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. అబ్బా నాలుగు దగ్గరే ఉంచుకుంటాడు. తొమ్మిదికి పోతే గుండె కొట్టుకోవడం కూడా గీతల్లో కనిపిస్తుంది. “నా దిల్ ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు, చూడక్కర్లేదు” అంటాడు.

మూడోది ఎత్తు. స్కోప్ గొట్టానికి నాలుగు సెంటీమీటర్లు పైన కూర్చుంటుంది. చూపు తిన్నగా పోతుంది, ఛర్రా కింది నుంచి పైకి వచ్చి చూపుని కలుస్తుంది. పది మీటర్లకి సరిచేసిన రైఫిల్‌తో అయిదు మీటర్ల దూరంలో ఉన్న మూతని కొడితే ఛర్రా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. రైఫిల్ చెడిపోలేదు. లెక్క అంతే.

సరిచేసిన రోజు ఆదివారం. బియ్యం సంచి మీద బట్ ఆనించి, అబ్బా ఎడమ భుజానికి రైఫిల్ పెట్టుకున్నాడు. మొదట అలవాటుగా కుడి చెంప ఆనించాడు. నవ్వుకొని మార్చుకున్నాడు. అయిదు ఛర్రాలు కాల్చాడు. అయిదూ గుత్తిగా పడ్డాయి, నిషానా మధ్యకి 15 మిల్లీమీటర్లు కింద, 9 మిల్లీమీటర్లు కుడివైపు. స్కోప్ మీద ఒక్కో క్లిక్కుకి పది మీటర్ల దగ్గర ముప్పాతిక మిల్లీమీటరు కంటే కాస్త తక్కువే జరుగుతుంది, 0.7 అనుకోండి. పైకి 21 క్లిక్కులు, ఎడమకి 13. మా బేటీ వేళ్ళ మీద లెక్కపెడుతూ తిప్పింది. మొదటి ఛర్రా పడగానే తిప్పేద్దామని ఆమె తొందర. అబ్బా ఆపాడు. “ఒక్క ఛర్రా చూసి తిప్పకు బేటా. అది నా చేతి తప్పు కావచ్చు, గాలి కావచ్చు. అయిదు పడనీ. గుత్తి ఎక్కడుందో అదే నిజం.”

క్లిక్కులు తిప్పాక మళ్ళీ అయిదు. అందులో రెండు ఒకే సూరాఖ్‌లో పోయాయి. అబ్బా ఏమీ అనలేదు. కాగితం తెప్పించుకొని ఎడమ కంటితో దగ్గరగా, దూరంగా పట్టుకొని చాలా సేపు చూశాడు. తర్వాత మడిచి కుర్తా జేబులో పెట్టుకున్నాడు. అమ్మీ దాన్ని ధోబీకి వేసేముందు జేబులోంచి తీసి రసీదు పక్కన పెట్టింది.

తోకచుక్క

మా బేటీకి మొదట కొనిచ్చింది రెడ్ డాట్. స్కోప్‌లా పెద్దది చేయదు. చిన్న అద్దం మీద ఎర్రటి చుక్క కనిపిస్తుంది, ఆ చుక్కని నిషానా మీద పెట్టి నొక్కడమే. రెండు కళ్ళూ తెరిచి కాల్చొచ్చు. సోడా మూతలు ఎగరగొట్టే పిల్లలకి జోష్ వస్తుంది. కాగితం నిషానాకి మాత్రం అంత బాగుండదు. ఆ చుక్కే పది మీటర్ల దగ్గర దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల జాగా కప్పేస్తుంది. పోటీ నిషానాలో నడిమి చుక్క అర మిల్లీమీటరు.

బిగించిన రోజు ఆమె చూసి, “మమ్మీ, ఇది చుక్క కాదు, తోకచుక్క” అంది. నేను చూస్తే గుండ్రంగానే ఉంది. అబ్బా చూస్తే గుండ్రంగానే ఉంది. దుకాణం వాడు ఖరాబు సరుకు ఇచ్చాడని మా తమ్ముడు అన్నాడు. నేను రైఫిల్‌ని పక్కకి తిప్పి పట్టుకొని మళ్ళీ చూడమన్నాను. సైటు తిరిగింది కానీ తోక తిరగలేదు, అదే వైపు ఉంది. అంటే తోక సైటులో లేదు, కంట్లో ఉంది. కన్ను ముందు భాగం అన్ని వైపులా ఒకే వంపులో లేకపోతే వెలుగు చుక్క ఇలా సాగిపోతుంది. పరీక్ష చేయిస్తే రెండు కళ్ళకీ సిలిండర్ నంబరు వచ్చింది. క్లాసులో బోర్డు మీద మూడుని ఎనిమిదిగా రాసుకొస్తోందని, ధ్యాస లేదని ఏడాది నుంచి చెప్పించుకుంటున్న పిల్ల. కొత్త ఐనక్ పెట్టుకొని ఇంటికొస్తూ దారిలో దుకాణాల బోర్డులన్నీ పైకి చదివింది.

ఆ తర్వాత ఆమె పీప్ సైటుకి మారిపోయింది. కారణం ఉంది. పదో తరగతి తర్వాత కాదు, ఇప్పుడే పోటీల్లోకి వెళ్తానని జిద్. ఒలింపిక్స్ రకం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పెద్దది చేసి చూపించే ఏ స్కోప్‌నీ ఒప్పుకోరు. రెడ్ డాట్ కూడా కుదరదు. వెనక సూరాఖ్, ముందు వలయం, అంతే. రైఫిల్ బరువు 5.5 కిలోలు మించకూడదు. 75 నిమిషాల్లో 60 షాట్లు, ఒక్కో షాట్‌కి అత్యధికం 10.9. చూసే కన్ను కాక రెండో కంటికి అడ్డంగా చిన్న పట్టీ పెట్టుకోవచ్చు. దానికీ కొలత ఉంది, 30 మిల్లీమీటర్లకి మించి ఎత్తు ఉండకూడదు. రెండో కన్ను గట్టిగా మూసుకుంటే తెరిచిన కన్ను కూడా అలిసిపోతుంది కాబట్టి ఆ పట్టీ. 2008లో బీజింగ్‌లో బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రా గెలిచింది ఇలాంటి సైటుతోనే.

వేరేవాళ్ళ నజర్

ఇంతవరకు రాసినవన్నీ స్క్రూలు తిప్పితే సరిపోయే సంగతులు. అలా సరికానిది ఒకటుంది.

పోయిన ఏడాది ఎవరో మా ఇంట్లో తుపాకీ ఉందని ఫిర్యాదు చేశారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. అబ్బా కుర్చీలేయించి, బందూఖ్ తెచ్చి ముందు పెట్టి, లామినేషన్ రసీదు చూపించాడు. అమ్మీ చాయ్ తెచ్చింది. ఇద్దరిలో చిన్నవాడు పీప్ సైటులోంచి చూసి, “దీంట్లో ఏమీ కనిపించట్లేదు కదా సార్” అని నవ్వాడు. రాసుకొని వెళ్ళిపోయారు. బద్‌తమీజీ ఏమీ చేయలేదు. కానీ ఆ రాత్రి అమ్మీ నిద్రపోలేదు. పొద్దున్నే బిస్కెట్ల డబ్బా, బందూఖ్ రెండూ దుప్పట్లో చుట్టి, ఎవరికైనా ఇచ్చేయమంది.

“వేరేవాళ్ళ ఇంట్లో ఉంటే ఆట అంటారు. మన ఇంట్లో ఉంటే ఏమంటారో నీకు తెలీదా? ఇప్పుడు పిల్ల స్కార్ఫ్ కట్టుకొని, పొడుగు సంచీ వేసుకొని బస్టాండ్‌లో నిలబడుతుందా?”

ఆమె మాటల్లో నాకు తప్పు కనిపించలేదు. ఆ భయం ఆమె ఊహించుకున్నది కాదు. మనలో ఏ ఇంట్లోనైనా ఆ లెక్క వేసుకోకుండా ఎవరూ గడప దాటరు. అలాగని బేటీని ఆపడానికి నాకు నోరు రాలేదు. దస్తర్‌ఖాన్ చుట్టూ మూడు రోజులు బహస్ నడిచింది. మా తమ్ముడు అమ్మీ వైపు. మా ఆయన చాలాసేపు విని, “పిల్లనీ అడుగుదాం” అన్నారు. అడిగితే ఆమె అంది, “నానీకి డర్ ఉంటే నేను సంచీ మోయను. రేంజ్‌లో వాళ్ళ రైఫిలే ఉంటుంది. నా వలయాలు, నా పట్టీ జామెట్రీ బాక్స్‌లో పట్టిపోతాయి.”

నిజంగానే పట్టాయి. పోటీ రైఫిళ్ళు ఎలాగూ వేరే రకం. అవి జర్మనీ నుంచి వస్తాయి, ఖరీదు లక్షల్లో ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు రేంజ్ వాటితోనే మొదలుపెడతారు. ఇంటి బందూఖ్ ఇంట్లోనే ఉండాలని, వారానికోసారి బేటీ హైదరాబాద్ వెళ్ళి రావాలని తయ్ అయింది. అమ్మీ చివర్లో ఒక షర్త్ పెట్టింది. పిల్లతో పాటు తనే వెళ్తుంది.

అలా ఎనిమిది నెలల నుంచి ప్రతి ఆదివారం ఫజర్ అయ్యాక ఇద్దరూ మొదటి బస్సు ఎక్కుతున్నారు. అమ్మీ దగ్గర టిఫిన్ డబ్బా, తస్బీహ్. రేంజ్‌లో వెనక కుర్చీల్లో కూర్చుంటుంది. బందూఖ్ వైపు చూడదు. స్క్రీన్ వైపు చూస్తుంది, అక్కడ ప్రతి షాట్‌కీ అంకె పడుతుంది కదా. మొన్న ఇంటికొచ్చి నాతో, “ఈ వారం తొమ్మిదులు తగ్గాయి. కానీ నలభై తర్వాత భుజం అలిసిపోతోంది దానికి. గుడ్డు ఇంకోటి పెట్టాలి” అంది. పక్క లేన్‌లో పిల్ల వాళ్ళ అమ్మతో దోస్తీ కూడా అయింది. ఆవిడ పులిహోర తెస్తుంది, అమ్మీ ఖీమా సమోసాలు తీసుకెళ్తుంది. ఆవిడ మాంసం తినదని తెలిశాక ఆలూ సమోసాలు.

ఫిర్యాదు చేసింది ఎవరో మాకు ఇప్పటికీ తెలీదు. తెలుసుకోవాలని అబ్బా ప్రయత్నించనూ లేదు. వీధిలో అందరికీ ఎప్పటిలాగే సలామ్, నమస్తే చెబుతాడు. పెరటి గోడ మీద మాత్రం మా బేటీ చేత రంగుతో పెద్దగా రాయించాడు: ‘ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్. సాయంత్రం 5 నుంచి 6.’ దాచినట్టు ఉండకూడదని ఆయన ఉద్దేశం. అది చదివి పక్క వీధి పిల్లలు ఇద్దరు తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకొని వచ్చారు. వాళ్ళకి అబ్బా మొదటి వారం బందూఖ్ ఇవ్వడు. కార్డుకి సూదితో సూరాఖ్ చేయించి, దాంట్లోంచి చూడటం నేర్పిస్తాడు.

ఈ జుమ్మా తర్వాత అబ్బాకి ఎడమ కంటి చెకప్ ఉంది. డాక్టరు స్క్రీన్ మీద కంటి తెర ఫోటో చూపించినప్పుడు మేమందరం ఊపిరి బిగబట్టుకొని చూస్తాం. ఆ కన్ను నిలవాలి. బందూఖ్ కోసం కాదు, ఆయన ఖురాన్ చదువుకోవడానికి, మా బేటీ స్కోరు కాగితాలు చదువుకోవడానికి. స్కోప్ ఇప్పుడు రైఫిల్ మీద ఉంది. పీప్ డబ్బాలో ఉంది. నా వంతు బుధవారం.